నేను ఉమ్మిన బెల్లం

అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఇరవయ్యారేళ్ళు నేను చేసిన పని బెల్లం రుచి చూడటం. కొట్టు కాగితాల్లో మాత్రం గుమస్తా అని రాసేవారు. రైతు తన దిమ్మలు దింపించి యార్డులో వరసగా పేరిస్తే, వేలం మొదలయ్యేలోపు వాటిని కంటితో చూసి, గోటితో గిల్లి, నోట్లో వేసుకుని, ఆ సరుకును ఎంత ధర వరకు పాడవచ్చో మా షావుకారు చెవిలో చెప్పాలి. వేలం సాగుతుండగా అవతలి వర్తకుల మొహాలు చూసి, ఎవరు ఎక్కడ ఆగుతారో కూడా చెప్పాలి. రెండో పని మొదటిదానికంటే ముఖ్యమని నాకు మూడేళ్ళకు తెలిసింది.

ఈ మధ్య చదువుకున్న కుర్రాళ్ళు కంపెనీల తరఫున సరుకు కొనడానికి మార్కెట్‌కు వస్తున్నారు. చేతుల్లో ఫోన్లు, సంచుల్లో శాంపిల్ సీసాలు. వాళ్ళలో ఒకరిద్దరు నన్ను అడిగారు, మీ కాలంలో ఎలా కొనేవారు అని. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, రసీదు పుస్తకాలు ఎలా ఉండేవి లాంటి విషయాలు రాయడం లేదు. అవి ఎవరికీ అక్కర్లేదు.

రాయడానికి ఇంకో కారణం ఉంది. దాన్ని ముందే చెప్పేస్తాను, చివరిదాకా చదవనివాళ్ళ కోసం. నూకరాజు అనే రైతు బెల్లం కాచే పెనంలో బల్లి పడలేదు. ఆ బెల్లంలో ఏ దోషమూ లేదు. నాకు తెలుసు. ఆ రోజు దాన్ని నోట్లో పెట్టుకున్నవాణ్ణి నేనే.

కన్ను

నేను ఇక్కడి కాలేజీలోనే జంతుశాస్త్రం చదివాను. ఉద్యోగం రాలేదు. మా జంతుశాస్త్రం మేష్టారు మంచివారు. కోతి కంటి గురించి ఆయన చెప్పిన పాఠం నాకు బాగా గుర్తుండిపోయింది. కుక్కకూ ఆవుకూ కనిపించని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ తేడాలు కోతికీ మనిషికీ కనిపిస్తాయి. ఎందుకంటే ఆకుల మధ్య పండిన పండును దూరం నుంచే పట్టుకోగలిగిన కోతులు బతికి పిల్లల్ని కన్నాయి, మనం వాటి సంతతి అని కొందరు శాస్త్రజ్ఞులు అనుకుంటారని చెప్పారు. పరీక్షలో రాసి మరిచిపోవలసిన ముక్క. మార్కెట్లో మొదటి వారంలోనే అది మళ్ళీ ఎదురొచ్చింది.

వరసగా ముప్పై కుప్పలు ఉంటాయి. వర్తకులు నడుచుకుంటూ వస్తారు. ఎవరి కాళ్ళయినా ముందు ఆగేది పసుపురంగు దిమ్మల దగ్గరే. బాగా పండిన మామిడిపండు రంగు అయితే రెండు అడుగులు దగ్గరికి కూడా జరుగుతారు. ముదురు రంగు సరుకు దగ్గర నడక తగ్గదు. రుచి ఇంకా ఎవరూ చూడలేదు. అప్పటికే ధర సగం తేలిపోయింది.

మా షావుకారు ఏడో తరగతితో చదువు మానేసినవాడు. కోతి కథ చెబితే నవ్వి, "ఇది తెలుసుకోడానికి నీకు డిగ్రీ కావాల్సొచ్చిందిరా?" అన్నాడు. ఆయన మా కొట్టు ద్వారా అమ్ముకునే రైతుల కుప్పల్ని పొద్దుటెండ ఏటవాలుగా పడే వైపు పేరించేవాడు, లేత రంగువి ముందు, ముదురువి వెనక. అలా ఎందుకో ఎవరికీ చెప్పేవాడు కాదు.

రంగు రావడానికి రైతులు మరుగుతున్న పాకంలో హైడ్రోస్ పొడి వేస్తారు. తెల్లటి పొడి, గిద్దెడు చాలు, నల్లబడుతున్న పాకం చూస్తుండగానే పసుపు తిరుగుతుంది. కొన్ని వారాలకు ఆ రంగు పోయి బెల్లం మసకబారుతుంది. వర్తకులకు ఇది తెలుసు. రైతులకు తెలుసు. మా షావుకారు ఇంటికి వెళ్ళే బెల్లం మాత్రం ఎప్పుడూ పొడి వెయ్యని ముదురు బెల్లమే, దాన్ని ఏరి పంపేది నేనే. ఇంట్లో తినడానికి ఒక బెల్లం, మార్కెట్లో మెచ్చుకోవడానికి మరో బెల్లం. ఇందులో ఎవరూ ఎవరినీ మోసం చెయ్యడం లేదని మేం అనుకునేవాళ్ళం. కళ్ళు అలా ఉన్నాయి, మేమేం చేస్తాం అనుకునేవాళ్ళం. ఈ ఆఖరి మాట గుర్తుపెట్టుకోండి. నా వృత్తిలో నేను చేసిన పాడు పనులన్నిటికీ ఈ మాటే గొడుగు పట్టింది.

కడుపు, పౌరుషం

షావుకారు వేలానికి ముందు కడుపు నిండా తినేవాడు. నాలుగు ఇడ్లీలు, మీద రెండు. ఖాళీ కడుపుతో తీపి సరుకు చూడకూడదన్నది నాకు ఆయన చెప్పిన మొదటి నియమం. ఆకలిగా ఉన్నప్పుడు తీపి వాసన తగిలితే చెయ్యి దానంతటదే లేస్తుంది. మన శరీరం తీపి అరుదుగా దొరికిన రోజుల్లో తయారైంది, దొరికినప్పుడు తినెయ్యమని మాత్రమే దానికి తెలుసు. రైతుల తరఫున సరుకు అమ్మించే రోజున ఆయన ఇదే నియమాన్ని తిరగేసేవాడు. ఒడిశా నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన కొనుగోలుదారు టిఫిన్‌కి లేవబోతే, ఇంకొక్క కుప్ప, ఇంకొక్క కుప్ప అని భుజం మీద చెయ్యి వేసి తిప్పేవాడు. ఆ మనిషి పాడే ధర తిన్నవాడి ధరలా ఉండేది కాదు.

ఇక నా తప్పు ఒకటి. నాలుగో ఏడు అనుకుంటాను. షావుకారు ఎవరిదో పెళ్ళికి వెళ్ళి, వేలం నాకు వదిలాడు. మా పక్క కొట్టు గుమస్తా నేను పాడిన ధర విని నవ్వాడు. పెద్దగా కాదు, పెదవి ఒక పక్కకి. నేను పెంచాను. అతను పెంచాడు. చుట్టూ జనం మూగారు. ఆ తర్వాత నేను బెల్లం వైపు చూసినట్టు గుర్తులేదు. సరుకు నా పేరు మీద పడింది. తడి సరుకు. గోనె కప్పిన వారానికే చెమర్చి జారిపోవడం మొదలుపెట్టింది.

షావుకారు వచ్చి గోదాములో నిలబడి వేలితో తాకి చూశాడు. తిట్టలేదు. "ఒరే రమణా, నువ్వు బెల్లం కొనలేదురా. ఆడి నవ్వు కొన్నావు," అన్నాడు.

ఇద్దరు మగవాళ్ళు ఒకే కుప్ప దగ్గర నిలబడితే ఏం జరుగుతుందో మా మేష్టారి పాఠాల్లో ఉంది, దుప్పుల గురించీ కోడెల గురించీ. పాఠం వచ్చినంతమాత్రాన దాన్నుంచి తప్పించుకోలేం. ఇప్పుడు వచ్చే కుర్రాళ్ళు ఫోనులో ధర చూసి పాడుతున్నామని అనుకుంటారు. పక్కవాడి పెదవి వంక కూడా చూస్తున్నారు. నేను పక్కన నిలబడి గమనిస్తూనే ఉన్నాను.

రోత

కంటికంటే, కడుపుకంటే బలమైనది రోత. చిన్నప్పుడు మా అమ్మ ఒకసారి కుండెడు పులుసు పారబోసింది. అందులో ఏమీ పడలేదు. పొయ్యి పైన దూలం మీద బల్లి కనిపించింది, అంతే. దాన్ని ఎవరూ వృథా అనలేదు. మా నాన్న కూడా మజ్జిగ పోసుకుని తినేశాడు.

దీని లెక్క సులువు. మంచి తిండిని పదిసార్లు అనుమానించి పారేసినా మనిషి బతుకుతాడు. చెడ్డ తిండిని ఒక్కసారి నమ్మితే పోతాడు. అందుకే రోత సాక్ష్యం అడగదు. ఎదుటివాడి మొహం చూస్తే చాలు, ముక్కు చిట్లిస్తే, ఉమ్మేస్తే, మన కడుపు కూడా వెనక్కి తిరుగుతుంది. వాడు తిన్నది మనం తినకుండానే. సంతలో పది మంచి మాటలు కట్టిన పేరును ఒక వాంతి తీసేస్తుంది. ఇదంతా నాకు తెలుసు. బాగా తెలుసు. జరిగినదాంట్లో ముఖ్యమైన సంగతి అదే.

నూకరాజుది కోటవురట్ల పక్క ఊరు. కొంచెం చెరకు, సొంత గానుగ, సొంత పెనం. వయసులో నాకంటే పదేళ్ళు పెద్ద, అయినా నన్ను బావా అనేవాడు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. అతను హైడ్రోస్ వేసేవాడు కాదు. బెండ కాండాలు దంచి ఆ జిగురును చెరకు రసంలో పోసి, పైకి తేలిన మడ్డిని ఓపిగ్గా తీసేవాడు. మిగిలినవాళ్ళు మూడు పెనాలు దించే సమయంలో అతను ఒకటి దించేవాడు. బెల్లం కొత్త చింతపండు రంగులో వచ్చేది. ముదురు బెల్లం అంటే సారా కాసేవాళ్ళకు పోతుందన్న అనుమానం ఒకటి, కంటికి ఆనకపోవడం ఒకటి. ఏటా మూడో రకం కిందే పోయేది. అతను గొణిగేవాడు గానీ మానేవాడు కాదు. కాస్త పొడి వెయ్యొచ్చు కదా అని నేనే ఒకసారి అంటే, "నా ఇంట్లో పిల్లగుంటలు తినీది ఇదే బావా. రెండు రకాలు వండడం నాకు రాదు," అన్నాడు.

ఒక ఏడు విశాఖ నుంచి మిఠాయి దుకాణానికి సరుకు కొనే మనిషి ఒకతను వచ్చాడు. అతను కంటితో కాకుండా నోటితో కొనే రకం. నూకరాజు కుప్ప దగ్గర ఆగి, ముక్క నోట్లో వేసుకుని, మళ్ళీ ఇంకో ముక్క వేసుకున్నాడు. అది చూసి ఒడిశా వర్తకుడు ఒకడు కూడా ఆగాడు. ఒకడు ఆగితే ఇద్దరు, ఇద్దరు ఆగితే ఐదుగురు. నూకరాజు తలపాగా సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు. అతని సరుకు మొదటి రకం ధరకు పలకబోతోందని అందరికీ అర్థమైంది.

మా షావుకారు మరో ఊరి మిఠాయి దుకాణానికి సరిగ్గా ఇలాంటి బెల్లమే ఇస్తానని మాట ఇచ్చి ఉన్నాడు. నూకరాజు సరుకు ఎప్పటిలాగే మూడో రకానికి దొరుకుతుందన్న ధైర్యంతో ఇచ్చిన మాట అది. ఆయన నా వైపు చూశాడు. "ఒకసారి నువ్వు కూడా చూడరా," అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఇది కూడా రికార్డులో ఉండాలి. ఆయన నన్ను ఏమీ చెయ్యమనలేదు.

నేను వంగి దిమ్మ మూల విరిచాను. నోట్లో పెట్టుకున్నాను. మొదట కొంచెం పొగ. తర్వాత పచ్చి చెరకు, గానుగలోంచి అప్పుడే కారుతున్న రసంలా. చివర్లో నాలుక పక్కల సన్నగా ఉప్పు. హైడ్రోస్ బెల్లం మింగాక ముక్కు వెనక మిగిలే అగ్గిపుల్ల వాసన లేనే లేదు. అప్పటికి పన్నెండేళ్ళుగా రోజూ బెల్లం తింటున్నాను. అంతకంటే మంచిది తినలేదు. ఆ తర్వాత కూడా తినలేదు.

ముక్కు చిట్లించాను. పక్కకు తిరిగి ఉమ్మాను. దిమ్మలు మోసే కళాసీల మంచినీళ్ళ చెంబు తీసుకుని నోరు పుక్కిలించి మళ్ళీ ఉమ్మాను.

"ఏటిరా?" అన్నాడు షావుకారు, అందరికీ వినబడేలా.

"ఏం లేదులెండి," అన్నాను.

విశాఖ మనిషి చేతిలో అప్పటికి ఇంకో ముక్క ఉంది. దాన్ని దిమ్మ మీద పెట్టేసి, వేళ్ళు ప్యాంటుకు రాసుకున్నాడు. ఒడిశా వర్తకుడు పక్క కుప్పకు వెళ్ళిపోయాడు. గుంపు విడిపోవడానికి, నిజంగా చెబుతున్నాను, ఒక బీడీ వెలిగించేంత సేపు కూడా పట్టలేదు.

నూకరాజు నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏటి బావా? ఏటైనాది? సెప్పు."

"ఏటీ లేదు బావా."

"మరెందుకుమ్మేవు?"

నేను చెయ్యి విడిపించుకున్నాను. సరుకు మూడో రకం ధరకు మా కొట్టుకే పడింది.

బల్లిని నేను పుట్టించలేదు. అది మధ్యాహ్నానికి టీ దుకాణం దగ్గర పుట్టింది. మొదట ఏదో వాసన అన్నారు. తర్వాత బల్లి అన్నారు. సాయంత్రానికి తోక చూసినవాడు కూడా ఒకడు తయారయ్యాడు. రమణ అంతటివాడు ఉమ్మాడంటే ఊరికే ఉమ్ముతాడా అన్నారు. నేను అక్కడే టీ తాగుతున్నాను. అవునని అనలేదు, కాదని అనలేదు.

మరుసటి ఏడు నూకరాజు సరుకు దిగగానే తూకం వేసే కొలగార్లు "బల్లి బెల్లం వచ్చిందిరోయ్" అని అరిచారు. అతను తన దిమ్మ తనే విరిచి అందరి ముందూ తిన్నాడు. నవ్వారు. అమ్ముకునేవాడు తింటే ఎవరూ లెక్కచెయ్యరు. అతనికి అవసరం ఉంది కాబట్టి తింటాడని చూసేవాళ్ళకు తెలుసు. ఆ పై ఏడు అతను రాలేదు. చేనులో సరుగుడు వేశాడని విన్నాను. మా దగ్గర ఆ బెల్లం కొన్న దుకాణంవాళ్ళు మాత్రం అలాంటిదే మళ్ళీ కావాలని రెండేళ్ళు అడుగుతూనే ఉన్నారు.

గద్దె మూల

ఆ వేలం అయిన రోజున షావుకారు తను కూర్చునే గద్దె మీద ఒక మూల చూపించి నన్ను కూర్చోమన్నాడు. అంతకుముందు గుమస్తాలెవరూ దాని మీద కూర్చోలేదు. ఆ సంతోషం నాకు ఇంకా గుర్తుంది. మందలో ఒక మెట్టు పైకి వెళ్ళిన జంతువుకు ఒంట్లో ఏమవుతుందో మేష్టారు చెప్పారు, అదే అయింది. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉన్నది ఈ ఒక్క వాక్యమే.

తర్వాత ఏళ్ళ తరబడి నాకు నేను చెప్పుకున్నది ఏమిటంటే, నేను అబద్ధం ఆడలేదు. ఒక్క మాట కూడా అనలేదు. వాళ్ళ కడుపులు తిరగడం వాళ్ళ శరీరధర్మం, లక్షల ఏళ్ళ నాటిది, దానికి నేనెలా బాధ్యుణ్ణి? చదువుకున్నవాడు తప్పు చేస్తే ఇలాంటి సౌకర్యం ఉంటుంది.

కుర్రాళ్ళకు చెప్పదలచుకున్నది ఇదే. మనుషులు కంటితో, కడుపుతో, పౌరుషంతో, రోతతో కొంటారు. అది నిజం. తెలుసుకోండి. కానీ ఎదుటివాడి రోత పాతదే అయినా, ఆ ఉదయం దాన్ని లేపిన ఉమ్ము మాత్రం నాది. ఏ కోతిదీ కాదు.

ముక్కు

నాకు యాభై నిండకముందే, అందరికీ వచ్చిన ఆ జ్వరం నాకూ వచ్చి తగ్గింది. వాసన తిరిగి రాలేదు. తీపి తెలుస్తుంది. ఏ తీపో తెలియదు. పంచదారైనా, బెల్లమైనా, తేనైనా ఒకటే. కొన్నాళ్ళు ఎవరికీ చెప్పకుండా కంటితోనూ గోటితోనూ లాక్కొచ్చాను. ఒకరోజు పుల్లబడ్డ సరుకును బాగుందన్నాను. అప్పటికి కొట్టు షావుకారు కొడుకు చేతిలో ఉంది. మర్యాదస్తుడు. ఇంటికి మిఠాయి పట్టుకొచ్చి, ఇక విశ్రాంతి తీసుకోమన్నాడు. ఆ మిఠాయి రుచి కూడా నాకు తెలియలేదు.

పోయిన చలికాలం నూకరాజు భార్య చిన్నమ్మలు మా ఇంటికి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది. ఇప్పుడు పట్నాల్లో పొడి వెయ్యని ముదురు బెల్లానికి గిరాకీ ఉందని, ఊళ్ళో ఆడవాళ్ళ సంఘం నూకరాజు పాత పెనాన్ని మళ్ళీ పొయ్యెక్కించాలని చూస్తోందని చెప్పింది. పొడి లేకుండా పాకం దించడం ఆ ఊళ్ళో అతనొక్కడికే వచ్చు. కానీ సంఘంలో సగం మంది బల్లి సంగతి ఎత్తి అతని చేతి వంట వద్దంటున్నారు. ఉగాదిలోపు తేలకపోతే పెనాన్ని పాయకరావుపేటలో ఎవరికో అమ్మేస్తారు. ఇదంతా చెప్పి ఆమె అసలు సంగతికి వచ్చింది.

"వాళ్ళ సంగతి నాను సూసుకుంతాను అన్నియ్యా. ఆయనే తినడు. బెల్లం నోట ఎట్టి ఇన్నేళ్ళైనాది. బల్లి పడే ఉంటాదంతాడు. మీరు ఆ రోజు ఎందుకుమ్మేరో ఆయనకి సెప్పండి, సాలు. నాను తగువుకి రానేదు."

ఆమెకు వస్తానని చెప్పాను. వెంటనే వెళ్ళలేదు. ముందు మార్కెట్‌కు వెళ్ళాను, ఎందుకంటే అది సులువు. టీ దుకాణం దగ్గర పదిమందిలో జరిగింది జరిగినట్టు చెప్పాను. పాత కొలగాడు ఒకడు నవ్వి, "ఎంతిచ్చేడు మామా నూకరాజు?" అన్నాడు. ఇంకొకడు, వాసన తెలీని ముక్కుతో సాక్ష్యం ఏటి మామా అన్నాడు. నాకు కోపం రాలేదు. నోటి మాటకు ఖర్చు లేదు, అందుకే బరువూ లేదు. ఉమ్మినప్పుడు నా చేతిలో వేరే ఏమీ లేదు, ఒక నాలుక మీద ఊరికి ఉన్న నమ్మకం తప్ప. దాన్ని ఖర్చు పెట్టేశాను. నిజం చెప్పడానికి వచ్చేసరికి ఏమీ మిగల్లేదు.

కోటవురట్ల దగ్గర

బస్సు దిగి నడిచాను. గానుగ పాకలో పెనం తుడిచి ఉంది. భార్య పోరు పడలేక నూకరాజు మూడు రోజుల కిందట ఒక్క పెనం వండాడట. నాలుగు దిమ్మలు పీట మీద ఉన్నాయి, కొత్త చింతపండు రంగులో. ఎవరూ ముట్టుకోలేదు. సంఘం ఆడవాళ్ళు ఐదారుగురు పాక బయట నిలబడ్డారు, లోపలికి రాకుండా.

నూకరాజు చిక్కిపోయాడు. కూర్చోమన్నాడు. నేను నిలబడే చెప్పాను. షావుకారు చూపు, నేను విరిచిన మూల, ఉమ్మడం, చెంబు, ఏమీ లేదనడం. బల్లి లేదు, వాసన లేదు, ఏదీ లేదు అన్నాను. కావాలనే చేశాను అన్నాను. బయట ఆడవాళ్ళకు కూడా వినబడేలా చెప్పాను.

కొడతాడేమో అనుకున్నాను. అతను పాక కప్పు వైపు చూశాడు.

"నీకు తెలుసా బావా, ఆ యేడు నాను ఈ కప్పు తాటాకంతా పీకించీసేను, బల్లుల కోసం. మూడు దొరికేయి. నాలుగోది పెనంలో పడిపోనాది గావాల అనుకున్నాను." మళ్ళీ నా వైపు తిరిగాడు. "గుంటలు ఆ బెల్లం తిన్నారని నెల్లాళ్ళు ఆళ్ళ మొకాలు సూసుకుంటా కూకున్నాను."

నేను పీట మీదున్న దిమ్మల వైపు చూశాను.

"ఆ రోజు ఎలాగుంది?" అన్నాడు.

"ఏది?"

"బెల్లం. నోట్లో ఎట్టుకున్నావు కదా. ఎలాగుంది?"

చెప్పాను. పొగ, పచ్చి చెరకు, చివర్లో ఉప్పు. అగ్గిపుల్ల వాసన లేకపోవడం. అంతకంటే మంచిది తినలేదని చెప్పాను. అతను తల ఊపుతూ విన్నాడు, తను మరిచిపోయిన మనిషి గురించి ఎవరో చెబుతుంటే విన్నట్టు.

తర్వాత లేచి, దిమ్మ మూల విరిచి నా చేతిలో పెట్టాడు. "ఇది తిని సెప్పు."

నోట్లో వేసుకున్నాను. చప్పరించాను. ఆడవాళ్ళు గుమ్మం దగ్గరికి జరిగారు. అందరూ నా మొహమే చూస్తున్నారు, ఆ రోజు యార్డులో చూసినట్టు. బాగుందని చెప్పడం చాలా సులువు. మింగాను.

"నాకు తెలీదు బావా. జ్వరంలో వాసన పోయింది. తీపిగా ఉందని మాత్రం చెప్పగలను. బాగుందంటే అది కూడా అబద్ధమే."

నూకరాజు నవ్వాడు. నేను వచ్చాక మొదటిసారి. "సూడు మరి. నాలిక ఉన్నప్పుడు నిజం సెప్పలేదు. నిజం సెప్పడానికొచ్చే తలికి నాలిక నేదు."

బయట ఎవరో ఆడమనిషి కిసుక్కుమంది. చిన్నమ్మలు మాత్రం నవ్వలేదు. దిమ్మ వైపు చూసి, భర్త వైపు చూసింది.

"మరింకెవులు సెప్తారు? నువ్వే సెప్పాల," అంది.

అతను ఆ దిమ్మ దగ్గరికి జరిగాడు. నాకు విరిచి ఇచ్చిన చోట కాకుండా ఇంకో మూల విరిచాడు. గోరంత ముక్క. పెదవి దాకా తీసుకెళ్ళి ఆపాడు. గొంతు కదలడం నాకు కనిపించింది, కడుపు వద్దంటుంటే మనిషి మింగే గుటక అది. నేను పుట్టించిన గుటక. తర్వాత కళ్ళు మూసుకుని నోట్లో వేసుకున్నాడు.

దవడ ఒకసారి ఆడింది, ఆగింది. మళ్ళీ ఆడింది. పక్కకు తిరిగాడు. ఉమ్ముతాడనుకున్నాను. ఆడవాళ్ళు కూడా అలాగే అనుకున్నట్టున్నారు, ఒకామె అడుగు వెనక్కి వేసింది.

అతను పక్కకు తిరిగింది పెనం వైపు. దాని అంచు మీద వేలు రాసి చూసుకున్నాడు.

"మడ్డి ఇంకో రెండు సార్లు తియ్యాల్సింది," అన్నాడు. "చెయ్యి మర్సిపోనాది."

ఇంకో ముక్క విరుచుకున్నాడు, ఈసారి పెద్దది. అప్పుడు గుమ్మం దగ్గరున్న ఆడవాళ్ళలో వెనక్కి అడుగు వేసిన ఆమే లోపలికి వచ్చి చెయ్యి చాపింది.